బొజ్జ నిండుతోంది... ఎముక గుల్లవుతోంది

ఒళ్లు చేసిన మనిషికి ఎముక గట్టి అన్న నమ్మకం తప్పు
నడుము కొలత ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటిన మహిళలు జాగ్రత్త పడాలి

తెల్లవారుజామున పశువుల కొట్టంలో పేడ ఎత్తడానికి వెళ్లిన ఇల్లాలు కాలు జారి కూలబడుతుంది. చెట్టు మీద నుంచో, మిద్దె మీద నుంచో పడలేదు. నిలబడిన చోటే పడింది. అయినా లేవలేకపోయింది. నలుగురూ కలిసి మంచం మీద మోసుకొచ్చి, ఆటో ఎక్కించి పట్టణానికి తీసుకెళితే తుంటి ఎముక విరిగిందని చెబుతారు. ఆపరేషన్‌కు అప్పు, మూడు నెలల మంచం, పాలు పితికే దిక్కు లేని బర్రెలు. ఊళ్లోవారికి మాత్రం వీటన్నిటికన్నా ఒకటే ఆశ్చర్యం. "బక్క మనిషి అయితే సరే అనుకోవచ్చు. ఆయమ్మకేమి, గుండ్రాయి మాదిరి ఉండె. ఆయమ్మ ఎముక ఎట్లిరిగింది?"

2022లో విడిపోకముందు ఒకటిగా ఉన్న చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇటువంటి ఇల్లు లేని ఊరు అరుదు. ఊరివారి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ ఇల్లాలి నడుము చుట్టూనే ఉంటుంది. పొట్ట లోపల చేరిన కొవ్వు ఎముకకు అండ కాదనీ, లోలోపల దాన్ని గుల్ల చేసే చెద లాంటిదనీ వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. గుండెపోటు, చక్కెర వ్యాధి, రక్తపోటు గురించి చెప్పేటప్పుడు బొజ్జ మాట ఎత్తుతారు గానీ, బొజ్జకూ ఎముకకూ ముడి ఉందన్న సంగతి పల్లెలకు ఇంకా చేరలేదు.

నమ్మకంలో సగమే నిజం

లావుగా ఉన్నవారి ఎముకలు గట్టిగా ఉంటాయన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. బరువు మోసే ఎముక గట్టిపడుతుందన్నది నిజమే. నీళ్ల బిందెలు, గడ్డిమోపులు మోసిన కాళ్లు, నడుము కుర్చీలో కూర్చున్నవారి వాటికన్నా గట్టిగా ఉంటాయి. ఒంటి బరువు కూడా ఒక మోతే. పైగా ముట్లుడిగిన తరువాత అండాశయాలు మానేసిన ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను ఒంట్లోని కొవ్వు కొద్దిగా తయారు చేస్తుంది. ఎముకను కాపాడే హార్మోన్ అదే. ఈ రెండు కారణాల వల్ల చాలాకాలం వైద్యులు కూడా లావును ఎముకకు రక్ష అనుకున్నారు. మరీ బక్కచిక్కిన స్త్రీలకు ఎముక విరిగే ముప్పు ఎక్కువన్నదీ నిజమే.

అయితే కొవ్వు ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదనీ, అది ఎక్కడ చేరిందో కూడా చూడాలనీ తరువాతి పరిశోధనల్లో తేలింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ మిరియం బ్రెడెల్లా బృందం ఇంకా ముట్లుడగని 50 మంది లావుపాటి స్త్రీలను పరీక్షించింది. వారి పొట్టలోని కొవ్వును, వెన్నుపూస సాంద్రతను, ఎముక లోపలి మూలుగలో ఉన్న కొవ్వును యంత్రాలతో కొలిచారు. 2010లో చికాగో నగరంలో జరిగిన రేడియాలజీ వైద్యుల మహాసభలో ఆ ఫలితాలను వెల్లడించారు. పొట్ట లోపలి కొవ్వు ఎక్కువగా ఉన్నవారికి మూలుగలోనూ కొవ్వు ఎక్కువగా ఉంది. వెన్నుపూస సాంద్రత తక్కువగా ఉంది. చర్మం కింద ఉండే కొవ్వుకు మాత్రం అటువంటి సంబంధం కనపడలేదు.

పరీక్షించినది 50 మందినే అయినా, చాలామంది ఆలోచనను ఈ పరిశోధన మార్చింది. ఆ మరుసటి ఏడాది, 2011లో, మరో పెద్ద పరిశోధన వివరాలు వెలువడ్డాయి. పది దేశాలకు చెందిన, 55 ఏళ్లు దాటిన 60 వేల మంది స్త్రీలను అందులో పరిశీలించారు. స్థూలకాయులకు ఎముకలు విరగవన్నది భ్రమేనని తేలింది. మణికట్టు విరగడం వారిలో తక్కువే గానీ, చీలమండ, తొడ ఎముకలు విరగడం మిగిలినవారికన్నా ఎక్కువగా ఉంది.

చేతికి అందే కొవ్వు, అందని కొవ్వు

పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే మెత్తగా చేతికి వచ్చేది ఒక రకం కొవ్వు. తొడలు, పిరుదులు, జబ్బల మీద చేరేది ఎక్కువగా ఇదే. చూపుకు బాగుండకపోవచ్చు గానీ దీనివల్ల కీడు తక్కువ. రెండో రకం చేతికి అందదు. కండరాల గోడకు లోపల, పేగులు, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. మేకను కోసినప్పుడు పేగుల మీద తెల్లగా వల మాదిరి పరుచుకున్న కొవ్వును చూసినవారికి దీన్ని వేరే చెప్పనక్కర లేదు. మనిషి పొట్టలోనూ ఆ వల ఉంటుంది. అది మందమైన కొద్దీ పొట్ట ముందుకు పొడుచుకు వస్తుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం కుండలా ఉన్నవారిలో ఈ లోపలి కొవ్వే ఎక్కువ. "నేను లావు కాదు, పొట్ట ఒక్కటే" అని ధీమాగా ఉండేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని స్త్రీలలో నూటికి 40 మందికి నడుము చుట్టుకొలత ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మగవారిలో నూటికి 12 మందికే ఈ స్థితి ఉంది. బొజ్జ అనగానే షావుకారు బొజ్జ, పోలీసు బొజ్జ అని నవ్వుకుంటాం గానీ, అసలు లెక్క ఆడవారి వైపే మొగ్గుతోంది.

మట్టిమిద్దెకు పూత లేకపోతే...

ఎముకను రాయి అనుకుంటాం. నిజానికి అది మట్టిమిద్దె లాంటిది. వాన దెబ్బకు గోడ పెచ్చులూడుతుంది. ఏటా పూత వేస్తేనే మిద్దె నిలుస్తుంది. అలాగే ఎముకలో పాతబడిన భాగాన్ని తొలిచేసే కణాలు ఒక పక్క, కొత్త ఎముకను కట్టే కణాలు మరో పక్క బతికినన్నాళ్లూ పనిచేస్తూనే ఉంటాయి. ముప్పై ఏళ్ల వరకు కట్టేవారిదే పైచేయి. ఆ తరువాత తొలిచేవారు మెల్లగా ముందుకు వస్తారు.

పొట్ట లోపలి కొవ్వు ఈ లెక్కను ఇంకా తలకిందులు చేస్తుంది. అది ఊరికే పడి ఉండదు. ఒంట్లో వాపును రగిలించే రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. వాటితో తొలిచే కణాలకు బలం వస్తుంది. పొట్ట పెరిగినవారిలో పెరుగుదల హార్మోన్ తగ్గుతుంది. దానివల్ల కట్టే కణాలు మందగిస్తాయి. మూలుగలో ఉండే ఒకే రకం తల్లి కణం ఎముకను కట్టే కణంగానైనా, కొవ్వు కణంగానైనా మారగలదు. అది కొవ్వు వైపు మొగ్గితే ఎముక కట్టేవారి సంఖ్య అంతమేర తగ్గినట్లే. ఎముకకు సున్నం పట్టించే డి విటమిన్ కూడా కొవ్వులో చిక్కుకుపోయి రక్తంలో తక్కువ పడుతుంది.

బొజ్జ వెంట చక్కెర వ్యాధి వస్తే ఇంకో చిక్కు. ఎముక పరీక్షలో సాంద్రత బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. నాణ్యత మాత్రం ఉండదు. తక్కువ దెబ్బకే విరుగుతుంది. దానికి తోడు చూపు మందగించి, పాదాలు తిమ్మిరెక్కి, పడిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది.

ముట్లుడిగాక రెండు దెబ్బలు

ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఆడవారికి కొవ్వు తొడల మీద, పిరుదుల మీద చేరుతుంది. ముట్లుడిగి ఆ హార్మోన్ తగ్గగానే కొవ్వు చోటు మార్చి పొట్టలోకి చేరడం మొదలవుతుంది. సరిగ్గా అదే సమయంలో ఎముక అరగడం కూడా వేగమందుకుంటుంది. మొదటి అయిదారేళ్లలోనే ఎక్కువ నష్టం జరిగిపోతుంది. లంగా బొందు ఏడాదికేడాది చాలకుండా పోతోందంటే, లోపల ఎముక కూడా ఏడాదికేడాది పలచబడుతూ ఉండవచ్చు. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండోది విరిగేదాకా తెలియదు.

ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఈ దెబ్బ ముందుగానే తగులుతోంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశం మొత్తం మీద మన దగ్గరే ఎక్కువ. 2015-16 జాతీయ సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం అని వెళ్లినవారు ముప్పై, ముప్పై అయిదు ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకుని వస్తున్నారు. "బిడ్డలు పుట్టేసినారు, ఇంక ఆ సంచితో పనేముంది, ఉంటే క్యాన్సర్ వస్తుంది" అన్న మాట చాలామందిని బల్ల మీదకు ఎక్కిస్తోంది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కరోజులో ఆగిపోతుంది. యాభైలో రావలసిన మార్పు ముప్పై అయిదులోనే వస్తుంది. పొట్ట పెరగడం, ఎముక అరగడం రెండూ పదిహేనేళ్లు ముందుకు జరుగుతాయి. అండాశయాలను ఉంచినా కొందరిలో అవి త్వరగా ఉడిగిపోతాయి. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. తప్పనిసరి అయి చేయించుకునేవారిని తప్పు పట్టేందుకు లేదు. కానీ ఒప్పుకునే ముందు రెండో వైద్యుణ్ణి అడగాలి. అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా అని తప్పక అడగాలి. ఆపరేషన్ కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి.

నొప్పి మాత్రలతో మరో ముప్పు

మోకాళ్ల నొప్పులకు పేరు తెలియని మాత్రలు, సూదిమందులు వాడడం పల్లెల్లో మామూలైపోయింది. వేసిన పూటే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం నిండుగా కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. స్టెరాయిడ్లు నెలల తరబడి వాడితే ముఖానికి, పొట్టకు కొవ్వు పడుతుంది. ఎముక గుల్లబారుతుంది. ఒకే మందు రెండు పక్కలా దెబ్బ తీస్తుంది. చాలాకాలంగా వాడుతున్నవారు మాత్రం ఉన్నపళంగా మానకూడదు. అది ప్రాణానికే ప్రమాదం. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

సంగటి పోయింది, సున్నం తగ్గింది

ఎముకకు కావలసింది సున్నం, అంటే కాల్షియం. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. అదే సంస్థ హైదరాబాద్‌లోని పేద కుటుంబాలకు చెందిన, 30 నుంచి 60 ఏళ్ల స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో వివరాలు ప్రచురించింది. వారికి రోజూ తిండిలో అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములే. కావలసిన దానిలో మూడో వంతు కూడా లేదు. నూటికి 29 మందికి తుంటి దగ్గర ఎముక గుల్లబారి ఉంది. వారు లావుపాటివారు కారు. సగటు బరువు 49 కిలోలే. బక్కగా ఉన్నప్పుడే పలచబడిన ఎముక మీద తరువాత పొట్ట కూడా పెరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు పొద్దున సంగటి ముద్ద లేనిదే పొలానికి కదిలేవారు కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల ఆకలి తీరింది. అది చిన్న మేలు కాదు. అయితే తెల్ల అన్నం మూడు పూటలా విస్తరిలోకి వచ్చిన కొద్దీ సంగటి వెనక్కు పోయింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే బియ్యంలో పది కూడా ఉండదు. అన్నం పెరిగి, పొలం పని యంత్రాలకు పోయి, సాయంత్రాలు టీవీ ముందు గడిచిపోతుంటే మిగిలేది పొట్ట. పాడికి పేరున్న ఈ ప్రాంతంలో పాలు తెల్లవారకముందే కేంద్రానికి పోతాయి. పాలు పితికిన ఇల్లాలికి మిగిలేది కాఫీలోకి కాసిని.

ఎండలో ఉండే మనకు డి విటమిన్‌కు కరువేమిటని అనుకోవడానికీ లేదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు తిరుపతివాసులను, చుట్టుపక్కల పల్లెలవారిని పోల్చి చూసి 2007లో వివరాలు ప్రచురించారు. ఎండలో పనిచేసే పల్లెవారి స్థితి పట్టణంవారికన్నా మెరుగ్గానే ఉంది. అయినా రెండు చోట్లా ఆడవారిలో ఎక్కువమందికి డి విటమిన్ తక్కువే. తిండిలో కాల్షియం కూడా రెండు చోట్లా తక్కువే.

తాడుతో పరీక్ష

లోపలి కొవ్వు కొలిచే పెద్ద యంత్రాలు పల్లెలకు రావు. వాటి అవసరమూ లేదు. దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, పొట్ట లోపలికి బిగించకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చుట్టి చూడాలి. ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే హెచ్చరిక.

టేపు లేనివారికి ఇంకో ఉపాయం ఉంది. తల నుంచి కాళ్ల దాకా ఎత్తును ఒక తాడుతో కొలిచి, దాన్ని సగానికి మడవాలి. ఆ సగం తాడు నడుము చుట్టూ తిరిగి రావాలి. చాలకపోతే పొట్ట పెరిగినట్లే.

పొట్ట తగ్గాలని ఒక్కపూట తిని పస్తులుండడం పెద్ద పొరపాటు. ఆకలితో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ, ఎముక కూడా తగ్గుతాయి. అన్నం తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, ఉలవలు, అలసందలు, ఆకుకూర పెంచాలి. కాఫీ టీల చక్కెర, సాయంత్రం బజ్జీలు, బోండాలు తగ్గించాలి.

సున్నం లెక్క కష్టమైనదేమీ కాదు. వంద గ్రాముల రాగిపిండితో చేసిన సంగటిలో 350, గ్లాసు పాలు లేదా పెరుగులో 240, పిడికెడు పప్పుతో వండిన వంద గ్రాముల మునగాకులో 300, చెంచాడు నువ్వుల పొడిలో 120. మొత్తం 1010 మిల్లీగ్రాములు. అంతా ఒంటికి పట్టదన్న మాట నిజమే. రాగులు, నువ్వులలో సున్నాన్ని పట్టి ఉంచే పదార్థాలు కొన్ని ఉన్నాయి. రాగులను నానబెట్టి మొలక కట్టించి పిండి కొట్టిస్తే ఆ చిక్కు తగ్గుతుంది. అయినా రోజుకు 270తో పోలిస్తే ఇది ఎంతో మేలు. ఇందులో అంగడిలో పెద్ద ధర పెట్టి కొనవలసినది ఏదీ లేదు.

ఇక కదలిక. రోజూ అరగంట చెమట పట్టేలా నడిస్తే పొట్ట లోపలి కొవ్వే ముందుగా కరగడం మొదలవుతుంది. నడకతో పాటు ఎముక మీద మోత పడాలి. మెట్లెక్కడం, నేల మీద కూర్చుని లేవడం, మోయగలిగినంత బరువు ఎత్తడం మంచిది. అప్పటికే నడుము వంగినవారు, ఒకసారి ఎముక విరిగినవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా బరువులు ఎత్తకూడదు. ఎత్తు తగ్గుతున్నట్లు కనిపించినా, వీపు వంగుతున్నా, చిన్న జారుపాటుకే ఎముక విరిగినా, నలభై అయిదు లోపే ముట్లుడిగినా ఎముక సాంద్రత పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగాలి. కాల్షియం, డి విటమిన్ మందులు కూడా అడిగే వాడాలి.

ఆశా చేతిలో టేపు ఉంది

ముప్పై ఏళ్లు దాటినవారి ఇళ్లకు వెళ్లి ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య పత్రంలో నడుము కొలత గడి ఒకటి ఉంది. ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు మార్కులు వేస్తారు. ఎక్కువ మార్కులు వచ్చినవారిని రక్తపోటు, చక్కెర పరీక్షలకు ముందుగా పంపుతారు. ఎముక మాట మాత్రం అందులో లేదు.

కొత్త యంత్రం కొననక్కర లేదు, కొత్త ఉద్యోగం వేయనక్కర లేదు. ఎలాగూ టేపు చుడుతున్నారు. ఆ కొలత 80 దాటిన ఇల్లాలిని మరో మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ముట్లు ఎప్పుడు ఆగాయి? గర్భసంచి ఆపరేషన్ అయిందా? చిన్న దెబ్బకు ఎముక విరిగిందా? అవునన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, ఎముక సంగతి కూడా చూడమని చెబితే కొన్ని తుంటి ఎముకలైనా విరగకుండా మిగులుతాయి. జిల్లా వైద్యాధికారులు ఈ దిశగా ఆలోచించాలి.

అంతదాకా ఆగనక్కర లేకుండా ఇంట్లోనే చేయగలిగిన పని ఒకటుంది. పాలన్నీ క్యాన్‌లో పోసి కేంద్రానికి పంపే ముందు, పితికిన మనిషికి ఒక గ్లాసు పక్కన పెట్టడం.